ఈ ఇంట్లో మగవాళ్లు లేరు

"బతికున్న మొగుడు లేడని బోర్డు కట్టి, పైగా కాపాడుతున్నానంటావా?" అంటోంది కెసోన్.

"నెమ్మదిగా మాట్లాడు వదినా. ఆయన పేరు మాత్రం ఎత్తకు, దానికి వినపడుతుంది" అంది దువాన్.

"వినపడనీ. మూడు నెల్ల నుంచీ నీ గుమ్మం ముందే నిలబడి ఈపాటికి దానికి మోకాళ్ల నొప్పులు పట్టుంటాయి."

"నువ్వు బోర్డు పీకేసి నీ దారిన పోతావు. రేపు తెల్లారి ఆయన లేవకపోతే నువ్వొచ్చి లేపుతావా?"

"ఇప్పుడు లేస్తున్నాడా మరి?"

దువాన్ బోర్డు తాడు ఇంకాస్త బిగించింది.

నేను కంచె ఇవతల మోటార్‌సైకిల్ దిగకుండానే ఇదంతా విన్నాను. దువాన్ అత్త సీతోన్ మావకు పెళ్లాం, కెసోన్ ఆయనకు సొంత అక్క. ఇద్దరి నడుమా ఒక వెదురు గడ, దానికి వెలిసిపోయిన ఎర్ర చొక్కా, చొక్కా కింద తాడు కట్టి వేలాడేసిన చెక్క పలక. పలక మీద తెల్ల రంగుతో రాసుంది, ఈ ఇంట్లో మగవాళ్లు లేరు అని. తడిక వెనకాల ఎవరో దగ్గారు. అది మగ దగ్గే. నేను ఫోన్ తీసి, ఆ ఇంటి నంబరు ఎదురుగా 'పురుషులు లేరు' అన్న గడి నొక్కి, బండి ముందుకు పోనిచ్చాను. వరసగా మూడో నెల అలా నొక్కడం.

ఆ గడులు నిజానికి మా అమ్మ నొక్కాల్సినవి. అమ్మ ఊరి ఆరోగ్య కార్యకర్త. తన వంతుకు పద్నాలుగు ఇళ్లు. నెలకోసారి ఇంటింటికీ వెళ్లి, రక్తపోటు చూసి, కుండీల్లో దోమపిల్లలు ఉన్నాయేమో చూసి, చివర్లో పెద్దవాళ్లను తలా రెండు ప్రశ్నలు అడగాలి. ఈ రెండు వారాల్లో దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా? రెంటిలో ఒక్కదానికి అవునన్నా ఆరోగ్య కేంద్రంలో నర్సుకు చెప్పాలి. అంతకుముందు కాగితం మీద రాసేవాళ్లు. ఫోన్‌లోకి మారాక అమ్మకు ఆ గడులు కళ్లకు ఆనలేదు. ఉబోన్ పట్నంలో కాలేజీ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చి, ఇంట్లో తిని పడుకుంటున్న కొడుకు కళ్లకు ఆనాడు. నా పేరు కెంగ్, మా వైపు ఆ మాటకు గట్టివాడని అర్థం. నాకా పేరు ఎందుకు పెట్టానా అని అమ్మ అప్పట్లో రోజుకోసారైనా అనుకునేది, నాకు వినపడేలా.

ఆ ఏడు చలికాలం చివర్లో మా ఊళ్లో ఇద్దరు మగవాళ్లు నిద్రలోనే పోయారు. మొదట ఒక లారీ డ్రైవరు. పదమూడు రోజులకు సీతోన్ మావ పని జతగాడు పోంగ్. ఇద్దరూ రాత్రి బాగానే తిని పడుకుని, పొద్దున లేవలేదు. ఏటి అవతలి నుంచి పూనకం వచ్చే ముసలావిడ ఒకామె వచ్చి, విధవ దయ్యం తిరుగుతోంది, దానికి మొగుళ్లు కావాలి, ఇంకా ఇద్దర్ని తీసుకుపోతుంది అంది. సాయంత్రానికి ఊళ్లో ఎర్ర చొక్కా లేని గడప లేదు. మొగుడి కోసం వచ్చిన దాన్ని, ఇక్కడ మగవాళ్లు లేరు పో అని పంపేయడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. పడుకునే ముందు మగవాళ్లు ఆడవాళ్లలా కనపడాలని గోళ్లకు రంగు వేసుకున్నారు. మా ఊరి పెద్ద ఎర్ర గోళ్లతోనే నీటి పంపుల మీటింగు నడిపాడు, ఎవరూ నవ్వలేదు. నేనూ వేసుకున్నాను. అబద్ధం ఎందుకు.

ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కరే చొక్కాలు తీసి ఉతికి తొడుక్కున్నారు. దువాన్ అత్త మాత్రం తియ్యలేదు. ఎందుకంటే ఆమె ఇంట్లో మగమనిషి నిజంగానే రోజుకింత చొప్పున పోతున్నాడు.

సీతోన్ మావ జేగంటలు చేసేవాడు. గుళ్లలో చట్రానికి వేలాడదీసే పెద్దవి, మనిషి చేతులు బార్లా చాపినంత. ఇనప రేకును గుండ్రంగా కోసి, అంచు వంచి, మధ్యలో పెద్ద గుబ్బ, చుట్టూ చిన్న గుబ్బలు లేచేదాకా సుత్తితో కొట్టాలి. ఇందులో కష్టమంతా రూపం తీసుకురావడంలో లేదు, గొంతు తీసుకురావడంలో ఉంది. ఎక్కడ ఒక దెబ్బ తగ్గిందో, ఎక్కడ ఎక్కువైందో చెవి పెట్టి వెతకాలి. ఆ పని మావ, పోంగ్ ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్లు. ఒకరి సుత్తి లేస్తుంటే ఇంకొకరిది పడేది. పంతొమ్మిదేళ్లు. మా చిన్నప్పుడు బడికి పోతుంటే ఆ రెండు సుత్తుల చప్పుడు వినపడేది, ఎవరో ఒకే మనిషి రెండు కాళ్లతో నడుస్తున్నట్టు.

పోంగ్ పోయిన నెలకు మావ సుత్తి పట్టాడు. ఒక దెబ్బ కొట్టి ఆగాడు. ఇంకోటి కొట్టి ఆగాడు. సుత్తి కింద పెట్టి లేచి లోపలికి పోయి పడుకున్నాడు. ఆ రోజు నుంచి జేగంటలు చేసే పాకలోకి పోలేదు. తర్వాత కోళ్లకు గింజలు వెయ్యడం మానేశాడు. తర్వాత స్నానం. జిగురన్నం బుట్ట ముందు పెడితే, ఒక ముద్ద చేసి వేళ్ల మధ్య ఆరిపోయేదాకా పట్టుకుని, తిరిగి బుట్టలో పెట్టేసేవాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, పగలు మాత్రం లేవలేడు. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది అన్నాడట ఒకసారి. ఆ మాట అన్నాక దువాన్ అత్తకు ఇక అనుమానం మిగల్లేదు. పలక మీద అక్షరాలకు మళ్లీ రంగు వేసింది. ఇంట్లో మగమనిషి ఉన్నాడని నోటితో చెప్పడం కూడా మానేసింది. మొదటి నెల నేను గేటు దగ్గర నిలబడి మావ లేడా అని అడిగితే, రోడ్డంతా వినేలా, మా ఇంట్లో మగాళ్లెవరూ లేరు అని అరిచింది. నాకు ఇంకో ఆరు ఇళ్లు మిగిలాయి. సరే అని గడి నొక్కేశాను.

మా బండారం నర్సు పిమ్‌పా బయటపెట్టింది. ఆరోగ్య కేంద్రానికి ఆమె వచ్చి రెండేళ్లయింది. వానలు మొదలయ్యే ముందు ఒక మంగళవారం నన్నూ అమ్మనూ పిలిచి, ఫోన్ మా ముందు పెట్టింది. పద్నాలుగు ఇళ్లకు తొమ్మిదింట్లో పురుషులు లేరు.

"మీ వీధిలో మగవాళ్లంతా ఎక్కడికి వలస పోయారమ్మా?" అని అడిగింది అమ్మను.

అమ్మ నా వైపు చూసింది. నేను బోర్డుల సంగతి చెప్పాను. ఎనిమిది ఇళ్లలో బోర్డు తీసేశాక కూడా నేను మార్చలేదని చెప్పాను. తొమ్మిదో ఇంట్లో దగ్గు వినపడిందని కూడా చెప్పాను, ఎందుకో ఆమె ముందు దాచబుద్ధి కాలేదు. నర్సు నన్ను తిట్టలేదు. హెల్మెట్ తీసుకుని, ఆ ఇల్లు చూపించు అంది.

గేటు దగ్గర దువాన్ అత్త అదే పాట పాడింది. నర్సు చెప్పులు విప్పుతూ, దయ్యాల గురించి నా చదువులో లేదక్కా, ఆ దగ్గు గురించి ఉంది అంటూ లోపలికి నడిచింది. మావ చాప మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. గడ్డం మాసి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని రెండు ప్రశ్నలూ అడిగింది. ఆయన తలాడించాడు. అవునంటే అడగాల్సినవి ఇంకో తొమ్మిది ఉంటాయి, అవి కూడా అడిగింది, నిద్ర, తిండి, అలుపు, తన మీద తనకు అసహ్యం. చివరిది బతకాలని లేకపోవడం గురించి. అది అడిగేటప్పుడు కూడా ఆమె గొంతు మారలేదు, జ్వరం ఉందా అన్నట్టే అడిగింది.

మావ గోడ వైపు నుంచి కిటికీ వైపు తిరిగాడు. కిటికీలోంచి గడకు కట్టిన పలక వెనక వైపు కనిపిస్తుంది. రాసింది అటు వైపు ఉన్నా, ఏం రాసుందో ఆయనకు తెలుసు.

"రోజూ దాన్నే చూస్తున్నాను. అందులో తప్పేమీ రాయలేదనిపిస్తుంది" అన్నాడు.

దువాన్ అత్త గుమ్మంలోంచి అది విన్నది. మూడు నెలలుగా దేన్ని కట్టి మొగుణ్ని నిలబెట్టుకుంటున్నాననుకుందో, దాన్ని ఆయన లోపల పడుకుని చదువుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే నర్సు ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. మాత్రలు రాశారు. నాలుగు రోజులు అక్కడే ఉంచి, పంపేటప్పుడు ఇంట్లో ఆయన్ని ఒంటరిగా వదలొద్దన్నారు. కెసోన్ బట్టల మూటతో వచ్చి అదే ఇంట్లో దిగింది. అప్పటిదాకా ఎదురుపడితే పోట్లాడుకునే ఆడవాళ్లు వంతులు వేసుకుని కాపలా కాశారు. మంగళవారం మంగళవారం మాటల వైద్యం. నర్సు దానికి శిక్షణ తీసుకుని వచ్చిందట, ఆమె చేసేది పైనుంచి ఒక సైకాలజిస్టు ఫోన్‌లో చూసుకునేవాడు. మావను బండి మీద తీసుకెళ్లి తీసుకురావడం నా వంతు. అది శిక్ష అని ఎవరూ అనలేదు. నేను అలాగే అనుకున్నాను. అక్కడ జరిగినవన్నీ తర్వాత మావ నాకు చెప్పినవే, రాసుకోమని చెప్పినవే.

మొదటి మంగళవారం ఆమె కాగితం మీద ఒక గుండ్రటి గీత గీసిందట. మనసు బాగోలేక పని మానేస్తాం. పని మానేస్తే రోజులో సంతోషపడేది ఏదీ మిగలదు. మిగలకపోతే మనసు ఇంకా కుంగుతుంది, ఇంకో పని మానేయమంటుంది. ఇందులో మీ సోమరితనం ఏమీ లేదు, జబ్బు తిరిగే దారే అది అంది. మనసు బాగుపడ్డాక లేద్దాం అనుకుంటే ఈ జబ్బులో ఆ రోజు రాదు. ముందు లేవాలి, మనసు వెనకాల మెల్లగా వస్తుంది. పొద్దున ఏడింటికి పాకలోకి వెళ్లి జేగంట మీద ఒక్క దెబ్బ కొట్టి వచ్చేయమంది. ఒక్కటే. రెండోది కొట్టాలనిపించినా వద్దంది.

మర్నాడు ఏడింటికి వెళ్లాడు. తొమ్మిదింటిదాకా సుత్తి ముందు కూర్చుని లేచి వచ్చేశాడు. మంగళవారం తలవంచుకుని అదే చెప్పాడు. నర్సు కాగితంలో 'వెళ్లాడు' అని రాసి, దాని పక్కన టిక్కు పెట్టింది. నిన్నటిదాకా పాకలోకి వెళ్లడం కూడా లేదు కదా అంది.

మూడో వారంలో కొట్టాడు. నేను గేటు దగ్గర ఉన్నాను. మోత మోగి, సన్నబడి, పోయింది. ఆయన చెమటతో బయటికి వచ్చి, వాడి దెబ్బ వినపడింది అన్నాడు. తన దెబ్బకూ, మోత ఆగడానికీ మధ్య, పోంగ్ సుత్తి పడే చోట. నాకు వెన్ను జలదరించింది. నర్సుకు చెబితే ఆమె జలదరించలేదు. పంతొమ్మిదేళ్లు విన్న చెవి కదా, వినకుండా ఎలా ఉంటుంది అంది. అది వినపడగానే పారిపోకుండా మోత పూర్తిగా ఆగేదాకా అక్కడే కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. రోజూ కూర్చున్నాడు. వాడి దెబ్బ వినపడటం మానలేదు, ఇప్పటికీ మానలేదట. కానీ పారిపోవాలనిపించడం కొంచెం కొంచెంగా తగ్గింది.

అసలు సంగతి ఐదో మంగళవారం దాకా బయటికి రాలేదు. పోంగ్ పోయే ముందు రోజు సాయంత్రం నాలుగింటికి గుండె రుద్దుకున్నాడట. గుడివాళ్లు మర్నాడు జేగంట కోసం వస్తున్నారు. ఇంకో వంద దెబ్బలు కొడితే అయిపోతుందిలే అన్నాడట మావ. కొట్టారు. అయిపోయింది. తెల్లారేసరికి పోంగ్ లేడు.

"ఊరంతా విధవ దయ్యం అంటుంటే నేను నోరెత్తలేదు నర్సమ్మా. పోంగ్‌ని తీసుకుపోయింది ఎవరో నాకు తెలుసు" అన్నాడట ఆమెతో. "నా పెళ్లాం గడప బయట కాపలా కాస్తోంది. అది లోపలే పడుకునుంది."

నర్సు అలా అనకండి అనలేదు, మీ తప్పేం లేదనీ అనలేదు. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ వైపు నాలుగు గంటలకు మీకు తెలిసినవి రాయండి, కుడి వైపు మర్నాడు పొద్దున తెలిసినవి రాయండి అంది. మూడు వారాలు పట్టింది. ఎడమ వైపు ఒక్కొక్కటే చేరాయి. కొత్త సంవత్సరం నుంచీ పోంగ్ కడుపు ఉబ్బరం అంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం కారంలో అద్దుకుని పుల్ల మామిడికాయలు నాలుగు తిన్నాడు. ఆపుదామా అని మావ ఒకసారి అడిగితే, ముసలాడివైపోయావా అని వెక్కిరించాడు. పని అయ్యాక చేపల మూట హ్యాండిల్‌కు తగిలించుకుని ఈల వేసుకుంటూ పోయాడు. కుడి వైపు ఒకటే మాట ఉంది, పోంగ్ లేవలేదని. మీరు ఆ మాటను తీసుకెళ్లి నాలుగు గంటల సీతోన్ తలలో పెట్టి, తెలిసే చేశావని వాడికి రోజూ శిక్ష వేస్తున్నారు, వాడికి అది తెలియదు కదా అందట నర్సు.

ఇది విని మావ ఊరట పడి ఏడ్చాడని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. కోపం వచ్చింది. పోంగ్ చావును కాగితం మీద రెండు వరసలు చేసింది అని తిట్టుకుంటూ, తర్వాతి మంగళవారం బండి ఎక్కనన్నాడు. నర్సే వచ్చింది. వాకిట్లో కూర్చుని దువాన్ అత్త దంచిన పచ్చి బొప్పాయి పచ్చడి తిని, కారం చాలలేదని వంక పెట్టి వెళ్లిపోయింది. ఆ పై వారం ఆయన నాకన్నా ముందే గేటు దగ్గర నిలబడ్డాడు.

బోర్డు మాత్రం అలాగే ఉంది. దాన్ని తియ్యమని నర్సు ఒక్కసారి కూడా అనలేదు. ఆమె చూసింది దువాన్ అత్తను. అత్త నెలల తరబడి రాత్రిళ్లు పడుకోకుండా మొగుడి ఊపిరి లెక్కపెడుతోంది. తీస్తే ఏమవుతుందని మీ భయం అని అడిగింది. నిద్రలో పోతాడు అంది అత్త. అయితే ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక, ఒక్క గంట. నేనూ ఉంటాను. బోర్డు దింపుదాం, ఆయన పడుకుంటాడు, మీరు చూస్తూ కూర్చోండి అంది నర్సు. అత్త రెండు వారాలు ఆలోచించి సరే అంది.

దింపింది నేను. తాడు వానకు బిగుసుకుపోయి ఒక పట్టాన ఊడలేదు. ఎర్ర చొక్కా మడిచి పలక మీద పెట్టాను. పలక ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. లోపల చాప మీద మావ వెల్లకిలా పడుకున్నాడు. అత్త ఆయన మొహానికి జానెడు దూరంలో కూర్చుంది. కెసోన్ ఆమె వెనకాల. నర్సు గోడకు ఆనుకుని. ఏటి వైపు నుంచి గాలి లేదు. ఎవరూ కదల్లేదు. పావుగంట గడిచింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు, ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఇంకో పది నిమిషాలు. ఒకచోట ఊపిరి కొంచెం ఆగినట్టయింది. అత్త చెయ్యి ఆయన ముక్కు దగ్గరికి పోయింది.

"నువ్విలా కూర్చుంటే దయ్యమే నయమే" అన్నాడు మావ, కళ్లు తెరవకుండానే. "అదైతే పడుకోనిస్తుంది."

కెసోన్ ముందు నవ్వింది. అత్త ఆయన భుజం మీద ఒక్కటి చరిచి, మోకాళ్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలాగే పక్కకు ఒరిగి నిద్రపోయింది. అప్పుడు మావ లేచి కూర్చుని, ఆమె ఊపిరి చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం బోర్డు మళ్లీ కట్టాం. మర్నాడు రెండు గంటలు. ఆ తర్వాత ఎన్నో రోజుకు అది గడ ఎక్కలేదో నాకు గుర్తులేదు.

వానలు వెళ్లేసరికి మావ ఒంటి సుత్తితో చిన్న జేగంట ఒకటి పూర్తి చేశాడు. గొంతు అంత బాగా రాలేదని ఆయనే అన్నాడు. చలి ముదిరాక, పోంగ్ పోయిన తేదీ దగ్గరపడుతుంటే మళ్లీ పడుకున్నాడు. రెండు రోజులు. దువాన్ అత్త పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది, ఎర్ర చొక్కా పట్టుకుని కాదు, నర్సు ఫోన్ నంబరు కావాలని. ఇది తిరిగి రావచ్చని నర్సు ముందే చెప్పిందట. వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆఖరి మంగళవారం ఒక కాగితం మీద ఇద్దరి చేతా రాయించింది. ఆ కాగితం వంటింటి తడికకు గుచ్చి ఉంది. మూడో రోజు ఏడింటికి పాకలోంచి ఒక్క దెబ్బ వినపడింది.

ఆ రోజు నేను వెళ్లి, చెప్పాల్సింది చెప్పాను. మూడు నెలలు ఆయన దగ్గు వింటూనే రోడ్డు మీద నుంచి 'పురుషులు లేరు' అని నొక్కానని. ఆయన సుత్తి పక్కన పెట్టి, గుబ్బ మీద బొటనవేలితో రుద్దాడు.

"లోపల నేనూ అదే అనుకుంటున్నాను గదరా" అన్నాడు. "ఇద్దరం ఒకటే రాశాం."

ఆయన మళ్లీ సుత్తి అందుకున్నాడు.

"మీ అమ్మ మానేసినా నువ్వు మానకు. నెల నెలా రా. గేటు దగ్గర కాదు, ఇక్కడ దాకా రా. ఆ రెండు ప్రశ్నలూ అడుగు. నేను లేదు లేదు అని గబగబా చెప్పేస్తే నొక్కేసి పోవద్దు, కాసేపు కూర్చుని మళ్లీ అడుగు."